గొంతు ఫారం మన సరిహద్దు తెలుగులో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ళు గొంతు మారిందనో, బొంగురుపోయిందనో డాక్టరు దగ్గరికి వెళ్తే ఈమధ్య చేతికి ఒక ఫారం ఇస్తున్నారు. దాని గురించి పేషెంట్లు, వాళ్ళ పిల్లలు అడిగేవి కొన్ని ఉంటాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన స్పీచ్ థెరపిస్టులు అడిగేవి ఇంకొన్ని. రెండూ కలిపి ఇక్కడ రాశాను. ఫారం నింపడానికి వచ్చినవాళ్ళు మొదటి రెండు, చివరి మూడు ప్రశ్నలు చదువుకుంటే చాలు.

ఈ ఫారం అసలు ఏమిటి?

ఎక్కువ చోట్ల వాడేది వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్, పొట్టిగా వీహెచ్ఐ. 1997లో అమెరికాలో జాకబ్సన్ బృందం తయారుచేసింది. ఇందులో 30 వాక్యాలుంటాయి. పది రోజువారీ పనులకు గొంతు ఎంత అడ్డొస్తోందో చూస్తాయి, పది గొంతులో ఒంటికి తెలిసే ఇబ్బందిని, మిగతా పది మనసుకు కలిగే బాధను చూస్తాయి. ఒక్కో వాక్యానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 120. ఎక్కువ వస్తే బాధ ఎక్కువని అర్థం. 2004లో దీన్నే పది వాక్యాలకు కుదించారు, అది వీహెచ్ఐ-10, దానికి మొత్తం 40.

ఇంకో ఫారం కూడా వాడతారు, 1999లో వచ్చిన వాయిస్ రిలేటెడ్ క్వాలిటీ ఆఫ్ లైఫ్. అందులో లెక్క తిరగబడుతుంది, చివరి స్కోరు 100కి దగ్గరైతే బాగున్నట్టు. పాత రిపోర్టు పట్టుకొచ్చి "అప్పుడు 85 ఉండేది, ఇప్పుడు 40కి తగ్గింది, నయమే కదా" అని సంతోషించే ముందు అది ఏ ఫారమో చూసుకోండి.

కెమెరా పెట్టి గొంతులోపల చూశారు కదా, మళ్ళీ ఈ ప్రశ్నలెందుకు?

కెమెరాలో కనబడేది స్వరతంత్రుల మీది గడ్డ, వాపు లాంటివి మాత్రమే. అంతే సైజు గడ్డ ఒక బడి పంతులికీ, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే గుమస్తాకీ ఉందనుకోండి. పంతులు నాలుగో పీరియడ్‌కి మాట రాక పిల్లలకి బోర్డు మీద రాసిచ్చి కూర్చుంటారు. గుమస్తాకి గొంతు మారిన సంగతి భార్య చెప్పేదాకా తెలియకపోవచ్చు. వైద్యం ఎంత తొందరగా మొదలుపెట్టాలి, ఆపరేషనా థెరపీయా, థెరపీ పనిచేస్తోందా లేదా అనేవి తేల్చడానికి ఈ తేడా తెలియాలి. అది పేషెంటు నోటితో వినాల్సిందే.

ఇంగ్లీషు ఫారాన్ని తెలుగులోకి మార్చేస్తే పోయేదానికి ఇంత హడావుడి దేనికి?

దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. 2000లో బీటన్ బృందం రాసిన వరసను ఎక్కువమంది పాటిస్తారు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, రెండూ కలిపి ఒకటిగా చేస్తారు. అసలు ఫారం చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. డాక్టర్లు, థెరపిస్టులు, భాష తెలిసినవాళ్ళు కూర్చుని తేడాలు సరిచేస్తారు. ఆ తర్వాత 30, 40 మంది పేషెంట్ల చేత నింపించి, ఒక్కో వాక్యం వాళ్ళకి ఏమని అర్థమైందో అడుగుతారు. హిందీ, కన్నడం, మలయాళం ఫారాలు ఇలాంటి కసరత్తు చేసి వచ్చినవే.

నా అభిప్రాయంలో ఇందులో అసలైన పని ఆ చివరి మెట్టే. మన దగ్గర మొక్కుబడిగా అయిపోయేదీ అదే. తిరిగి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు వాక్యం అక్షరం పొల్లుపోకుండా సరిపోవచ్చు, మనిషికి మాత్రం అర్థం కాకపోవచ్చు. గోల ఉన్న గదిలో మీ మాట ఎదుటివాళ్ళకి అర్థం కావడం కష్టమవుతుందా అని ఫారంలో ఒక వాక్యం ఉంది. గోపాలపూర్ ఒడ్డున చేపలు అమ్ముకునే ఒకామెని అదే అడిగితే "గదెక్కడుంది బాబూ, నా బేరమంతా సముద్రం ముందరే కదా" అంది. తప్పు ఆమెది కాదు. వాక్యానికి కావాల్సింది చుట్టూ ఉన్న చప్పుడు, గది కాదు. సంతలో, బస్సులో, పెళ్ళి పందిట్లో అని మార్చి అడిగితే ఆమె ఒక్క క్షణం ఆలోచించకుండా జవాబిచ్చింది. వేలంపాట దగ్గర తన పాట ఎవరికీ వినబడక మంచి సరుకు పక్కవాళ్ళకి పోయిన సంగతీ దాంతోపాటే బయటికొచ్చింది.

అలాగని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇంట్లో ఒక మూల నుంచి కేకేస్తే ఇంకో మూల ఉన్నవాళ్ళకి వినబడుతుందా అనే వాక్యం పెద్ద పెద్ద ఇళ్ళున్న చోట పుట్టింది. రెండు గదుల ఇంట్లో గొంతు సగం పోయినా వినబడుతుంది, కాబట్టి అందరికీ సున్నాయే వస్తుంది. సరే, పెరట్లో ఉన్నవాళ్ళని పిలిస్తే అని మార్చామనుకోండి. పెరడు ఎంత దూరం? బరంపురం పాత వీధుల్లో ఇంటిని ఆనుకునే ఉంటుంది, ఊళ్ళల్లో కొట్టం దాటి, కళ్ళం దాటి ఉంటుంది. దూరం పెరిగితే ప్రశ్న కష్టమవుతుంది, గొంతు బాగున్నవాళ్ళకీ మార్కులు పడతాయి. అందుకే మార్చిన ప్రతి వాక్యాన్నీ గొంతు బాగున్నవాళ్ళ మీద కూడా పరీక్షించాలి.

పుస్తక భాషలో రాయాలా, మాట్లాడే భాషలోనా?

మాట్లాడే భాషలోనే. ఈ వాదన ఇప్పుడు కొత్తగా చెయ్యక్కర్లేదు, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందటే చేసి పెట్టారు. ఆయన ఆ చుట్టుపక్కల సవరల భాష కూడా నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. "స్వర వైకల్యము వలన సామాజిక సంబంధములు పరిమితమైనవి" అని ఆ ఊళ్ళోనే ఒక ముసలామె చేతిలో ఫారం పెడితే ఆయన ఏమనుకునేవారో!

ఒక్క జాగ్రత్త. మనకి గొంతు అంటే లోపలి అవయవమూ అదే, బయటికి వినిపించేదీ అదే. జలుబు చేసి గొంతునొప్పితో ఉన్నవాళ్ళు ప్రతి వాక్యానికీ నొప్పి సంగతే చెబుతారు. ఫారం పైన "ఇక్కడ గొంతు అంటే మీ మాట వినిపించే తీరు, గొంతునొప్పి కాదు" అని ఒక్క వాక్యం వేసి, మొదలుపెట్టే ముందు దాన్ని పైకి చదివి వినిపించండి. స్వరం అని రాస్తే ఈ గొడవ ఉండదు గానీ చాలామంది అది పాటలకి సంబంధించిందనుకుంటారు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. ఏ భాష ఫారం ఇవ్వాలి?

ఈ జిల్లాల్లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జనం దీన్ని చదువుకున్న భాషని బట్టో, ఆధార్ కార్డు మీది చిరునామాని బట్టో తేల్చేస్తారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో మూడు నాలుగు తరాలు ఒడియా బడుల్లో చదివాయి. వాళ్ళు ఒడియాలో దరఖాస్తు రాస్తారు, లెక్కలు వేస్తారు, కోపమొస్తే తెలుగులో తిడతారు. కొంతమంది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటారు, ఇంటిపేరు తెలుగే, భార్యతో మాట్లాడేది ఒడియా.

నేనైతే ఒకటే అడుగుతాను: "గొంతు బాగోలేదని ఇంట్లోవాళ్ళతో ఏ భాషలో చెప్పుకుంటారు?" ఆ భాష ఫారమే ఇస్తాను. కష్టాన్ని తలుచుకునే భాషలో అడిగితేనే మనసుకి సంబంధించిన ఆ పది వాక్యాలకి నిజమైన జవాబులొస్తాయి. ఆఫీసు భాషలో అడిగితే ఆఫీసు జవాబులే వస్తాయి, "ఫరవాలేదు, బాగానే ఉంది" అని.

సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడేవాళ్ళకి తెలుగు సంత భాష. వాళ్ళ చేత తెలుగు ఫారం నింపించి ఆ మార్కుల మీద నిర్ణయాలు తీసుకోవద్దు.

తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. వాళ్ళ సంగతి?

ఇక్కడ ఇలాంటివాళ్ళే ఎక్కువ. మొదట తోచే ఉపాయం, తెలుగు వాక్యాల్నే ఒడియా లిపిలో అచ్చువెయ్యడం. చూడ్డానికి బాగుంటుంది గానీ ఒడియా లిపిలో ఎ, ఏలకి వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓలకీ అంతే. చదివేవాళ్ళు ప్రతి వాక్యం దగ్గరా తడబడతారు, చదవడంలో పడి జవాబు మీద ధ్యాస తప్పుతుంది.

రికార్డు చేసి వినిపించడం మేలు. ఉత్తరాంధ్ర యాస ఉన్న గొంతుతో, మామూలు వేగంతో, ఒక్కో వాక్యం విడిగా. ఫోన్‌లో పెట్టి ఇయర్‌ఫోన్ ఇస్తే పక్కనున్నవాళ్ళకి ప్రశ్న వినబడదు. జవాబుకి అయిదు వృత్తాలున్న కాగితం చాలు. మొదటిది ఖాళీ, చివరిది పూర్తిగా నల్లగా నింపింది, మధ్యవి కొద్దికొద్దిగా. వేలు పెట్టి చూపిస్తారు.

ఎదురుగా కూర్చుని చదివి వినిపించడం కూడా పద్ధతే, అందరికీ అలాగే చెయ్యాలి. సగంమంది తామే నింపి, సగంమందిని మనం అడిగితే ఆ రెండు గుంపుల స్కోర్లు పక్కపక్కన పెట్టకూడదు. ఎదుటి మనిషి మొహం చూస్తూ బాధని ఒప్పుకోవడం కష్టం, అందుకని అడిగి నింపిన ఫారాల్లో మనసు తాలూకు మార్కులు తక్కువ పడే అవకాశం ఉంది.

మా అత్తగారికి ఒడియా రాదు, నేను పక్కనుండి చెప్పనా?

దారి చూపించడానికి, మందుల చీటీ అర్థం చేసుకోవడానికి తప్పకుండా ఉండండమ్మా. ఫారం నింపేటప్పుడు మాత్రం బయట కూర్చోండి. మీ మాట విని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారా, మళ్ళీ చెప్పమంటే మీకు చిరాకేస్తుందా అని అందులో ప్రశ్నలున్నాయి. కోడలి నోటి మీదుగా వెళ్ళిన ఆ ప్రశ్నకి అత్తగారు కోడలి ముందు ఏమని జవాబు చెబుతారు? కొడుకు ఉన్నా అంతే. ఒకాయనకి కొడుకే దుబాసీ. ప్రశ్న రెండు నిమిషాలు వివరించాడు, తండ్రి ఒక్క మాటన్నాడు, కొడుకు మాకు మళ్ళీ రెండు నిమిషాలు చెప్పాడు. ఆ ఫారంలో ఉన్నవన్నీ కొడుకు జవాబులే. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాం.

"ఎప్పుడూ" అని టిక్ పెట్టినవాళ్ళు నిజంగా ఎప్పుడూ అనే అన్నారా?

అనుమానించాల్సిన చోటే పట్టుకున్నారు. ఇంగ్లీషు ఫారంలో అయిదు జవాబుల రెండు చివర్లకీ రెండు వేరు మాటలున్నాయి. మనకి "ఎప్పుడూ ఉంటుంది", "ఎప్పుడూ లేదు" రెంటిలోనూ ఎప్పుడూ ఉంది. తొందరగా చదివేవాళ్ళ కన్ను ఆ మాట మీదే ఆగుతుంది. దానికి తోడు కొన్ని వాక్యాలు తగ్గడం గురించే ఉంటాయి, ఫోన్‌లో మాట్లాడ్డం తగ్గించాను లాంటివి. "ఫోన్ తక్కువ వాడతాను, ఎప్పుడూ లేదు" అని చదివితే ఫోనే లేదని చెప్పినట్టుంటుంది.

అందుకని కింది చివర "అసలు లేదు", పై చివర "ప్రతిసారీ ఇంతే" అని పెట్టడం నయం. మధ్యలో "ఎప్పుడో ఒకసారి", "అప్పుడప్పుడు", "చాలాసార్లు". అసలు ఫారం మొదలుపెట్టే ముందు గొంతుతో సంబంధం లేని రెండు మాటలతో అలవాటు చెయ్యండి: "మీరు టీ తాగుతారా, ఎన్నిసార్లు? విమానం ఎక్కారా?" రెంటికీ ఒకే వృత్తం చూపించారంటే ఇంకా అర్థం కాలేదన్నమాట.

అన్నిటికీ "అప్పుడప్పుడు" అనేవాళ్ళుంటారు. అది మర్యాద, డాక్టరు గారి ముందు ఎక్కువ చెప్పకూడదని. అలాంటప్పుడు మూడు నాలుగు వాక్యాలకి "మొన్న ఎప్పుడు జరిగింది?" అని అడగండి. మాట మళ్ళీ సరిగ్గా మొదలవుతుంది.

హ్యాండిక్యాప్, సిగ్గు లాంటి మాటలు ఎలా అడగాలి?

నా గొంతు వల్ల నేను హ్యాండిక్యాప్డ్ అనిపిస్తుంది అనే వాక్యం తెలుగులో అతి కష్టమైంది. వికలాంగుణ్ణి అని రాస్తే "కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా" అని సున్నా పెడతారు, లేదా ఆ మాటకే బాధపడతారు. సర్టిఫికెట్, పెన్షన్ ఏమైనా వస్తాయేమోనని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఈ ఫారానికీ ఆ సర్టిఫికెట్‌కీ సంబంధం లేదని ముందే చెప్పాలి. "గొంతు వల్ల నలుగురిలో వెనకబడిపోయాననిపిస్తుంది" అన్న రూపం దగ్గరగా ఉంటుంది, పరీక్షలో నిలబడుతుందో లేదో చూసి వాడండి.

సిగ్గు విషయంలో, ఆడవాళ్ళు సిగ్గంటే బిడియం అనుకుని నవ్వేస్తారు. నామోషీ అంటే మొహం మారుతుంది.

ఆదాయం తగ్గిందా అన్నదానికి ఇంటి పని చేసుకునే ఆడవాళ్ళు ఏం రాయాలి?

ఖాళీగా వదిలేస్తారు. ఖాళీకి సున్నా వేసుకుంటే బాధ లేదన్నట్టవుతుంది, అది అబద్ధం. ఎన్ని ఖాళీలదాకా ఒప్పుకుంటారు, వాటిని ఎలా లెక్కేస్తారు అన్నది ఫారం వాడకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంటి పని అన్నామని అక్కడితో వదలొద్దు. ట్యూషన్లు, బట్టల వ్యాపారం, వడియాలూ అప్పడాలూ అమ్మడం ఉన్నాయేమో అడగండి, చాలామంది వాటిని సంపాదన కింద చెప్పుకోరు.

ఎంతమంది మీద పరీక్షించాలి? ఏ లెక్కలు చూడాలి?

వాక్యానికి పదిమంది అనేది వాడుకలో ఉన్న అంచనా. 30 వాక్యాలకి 300 మందన్నమాట. గజపతి జిల్లాలో ఒక్క చోట అంతమంది దొరకరు. పది వాక్యాల ఫారంతో మొదలుపెట్టమని నా సలహా.

వాక్యాలన్నీ ఒకే దిక్కుకి వెళ్తున్నాయా అని క్రాన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క చూస్తారు. 0.70 నుంచి 0.95 దాకా ఉంటే మంచిది. 0.95 దాటిందంటే అడిగిందే అడుగుతున్నారేమో చూసుకోవాలి. రెండు వారాల తర్వాత మళ్ళీ నింపిస్తే దగ్గర దగ్గర అదే స్కోరు రావాలి, దానికి వాడే ఐసీసీ (రెండుసార్ల స్కోర్లు ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) 0.70కి తగ్గకూడదు. ఈ ఊళ్ళల్లో పేషెంటు రెండు వారాల్లో మళ్ళీ రావడమే గగనం, కోతలప్పుడైతే అసలు రారు. తేదీలు పంటని చూసి వేసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి.

కాపీరైట్ ఉంటుందా?

ఉంటుంది. వీహెచ్ఐ వాక్యాలు ఇంటర్నెట్‌లో దొరికినంత మాత్రాన మార్చి అచ్చువేసుకోవచ్చని కాదు. హక్కులున్నవాళ్ళకి రాసి అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌తో లాగించేస్తే?

మొదటి చిత్తుప్రతిగా వాడుకోండి, తప్పులేదు. పేషెంటు చేతికి ఇవ్వొద్దు.

మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళకీ ఇదే ఫారం పనికొస్తుందా?

సిరొంచ, ధర్మాబాద్ వైపు తెలుగు తెలంగాణ యాసకి దగ్గర, పక్కన ఉన్నది మరాఠీ. పైన చెప్పిన పద్ధతి మొత్తం పనికొస్తుంది, మా వాక్యాలూ మా రికార్డింగూ పనికిరావు. అక్కడివాళ్ళు అక్కడే చేసుకోవాలి.

బరంపురంలో ఒడియా ఫారం, విశాఖలో తెలుగు ఫారం నింపాను. స్కోరు తగ్గింది, నయమైనట్టేనా?

చెప్పలేం. గుణుపురం, రాయగడ, కోరాపుట్ వాళ్ళు సగం వైద్యం ఇక్కడా సగం విశాఖపట్నంలోనూ చేయించుకుంటారు కాబట్టి ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. 30 వాక్యాల ఫారంలో ఒక మనిషి స్కోరు కనీసం 18 మారితేనే నిజమైన మార్పు కింద లెక్కని దాన్ని తయారుచేసినవాళ్ళే చెప్పారు. అది ఒకే భాష ఫారం రెండుసార్లు నింపినప్పటి మాట. భాష మారితే 18లో ఎంత గొంతుది, ఎంత అనువాదానిదో తెలియదు. మొదట నింపిన ఫారం ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఎక్కడికెళ్ళినా "నాకు ఇదే భాషది, ఇదే సైజుది కావాలి" అని అడగండి. మొహమాటపడక్కర్లేదు, వాళ్ళకీ అది మేలే.

11 దాటితే జబ్బున్నట్టే అన్నారు, నిజమేనా?

పది వాక్యాల ఫారంలో 11 దాటితే మామూలు కాదన్నది అమెరికాలో తేల్చిన గీత. మన దగ్గర గొంతు బాగున్నవాళ్ళకి మామూలుగా ఎంత వస్తుందో చూశాకే మన గీత తేలుతుంది. అందాకా 9 వచ్చిందని ధీమా వద్దు, 13 వచ్చిందని టెన్షన్ వద్దు.

నాకు స్కోరు మూడే వచ్చింది. గొంతు మాత్రం రెండు నెలలుగా బొంగురుగానే ఉంది. వదిలెయ్యొచ్చా?

వదలొద్దు. ఫారం మీ బాధని కొలుస్తుంది, జబ్బుని కాదు. బాధ లేని జబ్బులుంటాయి. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళు గొంతు మారినా "ఇది ఎప్పుడూ ఇంతే" అని సరిపెట్టుకుంటారు, అలాంటివాళ్ళ స్కోరు తక్కువగా రావొచ్చు. ఈ ఫారంలో పొగాకు గురించి ఒక్క ప్రశ్నా లేదు, కాబట్టి మీరే చెప్పాలి. గొంతు మార్పు నాలుగు వారాలు దాటితే స్కోరు ఎంతైనా సరే చెవి-ముక్కు-గొంతు డాక్టరు చేత గొంతులోపల చూపించుకోండి. మింగడం కష్టమైనా, ఉమ్మిలో నెత్తురు కనబడినా, మెడలో గడ్డ తగిలినా నాలుగు వారాలు ఆగకండి. ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడొస్తుంటే ఆ రోజే బయలుదేరండి. ఫారం తర్వాత నింపుకోవచ్చు.